రాత్రి అంకె కూడా అచ్చు వేయండి

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరితే చాలు, పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత మొదటి పేజీకెక్కుతుంది. రాత్రి కనిష్ఠం లోపలి పేజీ పట్టికలో ఓ మూల నక్కి ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఆ రెండో అంకే. 1995 జులైలో షికాగోలో వడదెబ్బకు 700 మందికి పైగా చనిపోయారు. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దాదాపు 15,000 మంది పోయారు. రెండుచోట్లా ఆరా తీస్తే పై అంతస్తులో, నేరుగా కప్పు కింద, అంటే రాత్రి కూడా సెగ తగ్గని గదుల్లో ఉండేవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. ఆ తర్వాత 2004లో ఫ్రాన్స్ పెట్టుకున్న హెచ్చరిక పద్ధతి మూడు రోజుల పగటి గరిష్ఠాల సగటుతో పాటు రాత్రి కనిష్ఠాల సగటునూ లెక్కలోకి తీసుకుంటుంది. పారిస్‌లో హెచ్చరిక జారీకి పెట్టుకున్న హద్దులు పగలు 31, రాత్రి 21 డిగ్రీలు. మన పత్రికలు ఇందులో సగమే చెబుతున్నాయి.

కనిష్ఠం ఒక్కటే వేసినా చాలదు. అది సాధారణంగా నమోదయ్యేది సూర్యోదయం వేళకు. పడుకునే వేళకు ఎంత ఉంటుందో దాన్నిబట్టి తెలియదు. రాత్రి 9, 12, 3 గంటలకు ఉష్ణోగ్రత అంచనా, పక్కనే గాలిలో తేమ శాతం వేయండి. ఇంట్లో ఏం చేయాలో ఆ అంకెలే చెబుతాయి.

ముందు కిటికీల సంగతి. బయటి గాలి గదికంటే చల్లబడ్డాకే తెరవాలి. పొద్దు వాలగానే అలవాటుగా తెరిచేస్తే, అప్పటిదాకా మూసి కాపాడుకున్న చల్లదనం కాస్తా పోతుంది. గదిలో ఒక మామూలు థర్మామీటరు, పేపర్లో గంటలవారీ అంకె ఉంటే ఊహించుకోనక్కర్లేదు. ఇరుకు వీధుల్లో రాత్రి వేడి వాతావరణ కేంద్రం అంకెకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి కాస్త ఆలస్యంగా తెరవడం మేలు.

తెరిచాక టేబుల్ ఫ్యానును చాలామంది మంచం వైపు తిప్పుతారు. గది చల్లబడాలంటే ముందు దాన్ని ఒక కిటికీలో బయటికి ఊదేలా పెట్టాలి. ఇంటికి చల్లటి వైపున్న మరో కిటికీ, మధ్యలోని తలుపులు తెరిచి, మిగతావి మూసేయాలి. ఫ్యాను చుట్టూ మిగిలిన సందులను అట్టముక్కలతో కప్పాలి. లేకపోతే బయటికి తోసిన గాలే ఆ సందుల్లోంచి వెనక్కి వస్తుంది. గాలి ఎదురు కొడుతున్న కిటికీలో ఫ్యాను పెడితే శ్రమ వృథా. దోమల జాలీ దుమ్ముతో పూడిపోయి ఉంటే ఎన్ని కిటికీలు తెరిచినా గాలి ఆడదు, బ్రష్షుతో దులపాలి.

పై అంతస్తువాళ్ల కష్టం వేరు. కాంక్రీటు శ్లాబు పగలంతా తాగిన వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి కక్కుతుంది. బయట చల్లబడ్డా కప్పు మాత్రం సెగలు పోస్తూనే ఉంటుంది. సీలింగ్ ఫ్యాను ఆ కప్పు కింది వేడి గాలినే మంచం మీదికి దించుతుంది. దీనికి మందు పగలే వేయాలి. శ్లాబుకు తెల్ల పూత వేస్తే ఎండ చాలావరకు తిరిగిపోతుంది. పూత మీద దుమ్ము పేరుకుంటే ఆ గుణం తగ్గుతుంది కాబట్టి కడుగుతూ ఉండాలి. నీళ్లు చల్లేదుంటే ఎండ దిగాక, మడుగు కట్టకుండా పలుచగా చల్లాలి. చల్లబరిచేది ఆవిరయ్యే నీరే, నిలిచిన నీరు కాదు.

ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటను ఆరబెడుతుంది. 40 డిగ్రీలు దాటాక అది ఒంటికి వేడినే ఎక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. చెమట తక్కువ పట్టే వృద్ధులకు అంతకుముందే పనిచేయడం మానేస్తుంది. వాళ్ల చేతులకు, మెడకు తడిగుడ్డ అద్ది ఫ్యాను వేయాలి. కూలరుకు తేమ అంకె ముఖ్యం. పొడి గాలిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదీ ఎదురు కిటికీ తెరిచి ఉంటేనే. తేమ 70 శాతం దాటిన రాత్రి పంపు ఆపేసి ఉత్త ఫ్యానుగా వాడుకోవడమే నయం.

ఫ్యాను ముందు మంచు గిన్నె పెట్టమనే చిట్కాను దయచేసి ఇక అచ్చు వేయకండి. కిలో మంచు కరుగుతూ పీల్చే వేడి 334 కిలోజౌళ్లు. ఒక టన్ను ఏసీ అంత వేడిని సుమారు నిమిషంన్నరలో తోడేస్తుంది. పైగా ఆ మంచు తయారీకి ఫ్రిజ్ ఇంట్లోకి వదిలే వేడి అంతకంటే ఎక్కువ. బదులుగా గోరువెచ్చని నీళ్ల స్నానం గురించి రాయండి. నిద్ర పట్టేముందు ఒళ్లు తన లోపలి వేడిని అరచేతులు, అరికాళ్ల ద్వారా వదులుతుంది. మరీ చల్లటి నీళ్లు పోసుకుంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ఆ దారి మూసుకుపోతుంది. గోరువెచ్చని స్నానం పడుకోవడానికి గంట, గంటన్నర ముందు చేస్తే సరిపోతుంది.

అధికారులకూ ఒక మాట మీ ద్వారా చేరాలి. వేడి నుంచి తలదాచుకునే కేంద్రాలు సాయంత్రమే తలుపులు మూస్తే రేకుల కప్పు కింద ఉండేవాళ్లకు రాత్రి దిక్కుండదు. మరమ్మతుల కోసం కరెంటు ఆపే వేళలు ఖరారు చేసేటప్పుడూ రాత్రి ఉష్ణోగ్రత చూడాలి.

మీరు అచ్చు వేసే వేసవి జాగ్రత్తల బాక్సులో ఇంకో వాక్యం చేర్చండి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు, చెమటను తగ్గించే కొన్ని అలర్జీ, మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్లు ఎండలు ముదరకముందే డాక్టరును అడగాలి. సొంతంగా మానేయకూడదు.

ఇట్లు,
గృహ నిర్మాణంలో గాలి, వెలుతురు ఏర్పాట్లు చూసే పాఠకులు