ముంబై మారథాన్‌లో మనవాడి పేరు

సంపాదకులకు నమస్కారం.

మాది ముంబైలోని వర్లీ. మా నాన్న కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడి బట్టల మిల్లులో పనికి కుదిరారు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. తెలుగు పత్రిక తెప్పించుకుని చదవడం ఆయన చేసిన అలవాటే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

ఏటా జనవరిలో ముంబై మారథాన్ మా వర్లీ మీదుగానే సాగుతుంది. మర్నాడు పత్రికల్లో ఏముంటుంది? జెండా ఊపిన ప్రముఖుల ఫొటో, డ్రీమ్ రన్ అనే సరదా పొట్టి పరుగులో నాలుగడుగులు వేసిన సినిమా తారల ఫొటో, ట్రాఫిక్ ఎక్కడెక్కడ మళ్లించారన్న వివరం. గెలిచినవాళ్ల సంగతి ఉంటే అడుగున రెండు లైన్లు, లేకపోతే అవీ ఉండవు.

2024 జనవరి 21న భారతీయ పురుషుల్లో అందరికంటే ముందు గమ్యం చేరింది బుగత శ్రీను. ఆంధ్రప్రదేశ్ వాడు, సైన్యంలో పనిచేస్తున్నాడు. 2 గంటల 17 నిమిషాల 29 సెకన్లలో ముగించాడు. 2020లోనూ ఇక్కడ మనదేశం వాళ్లలో మొదటివాడు అతనే. మర్నాడు నేను తెప్పించుకునే పత్రికను మూడుసార్లు తిరగేశాను. అతని పేరు కనబడలేదు.

ఆ టైము అంటే ఏమిటో చెప్పాలి. కిలోమీటరుకు సుమారు మూడుంబావు నిమిషాలు. మీ వీధిలో చురుకైన కుర్రాణ్ని పిలిచి ఒక్క కిలోమీటరు ఆ వేగంతో పరుగెత్తమనండి, ఎంత కష్టమో అతనే చెబుతాడు. శ్రీను అలాంటివి ఆపకుండా 42 పరుగెత్తాడు, పైన మరో 195 మీటర్లు. అందులో ఒళ్లు పూర్తిగా అలసిపోయాక, తిరుగుదారిలో ఎదురయ్యే పెద్దర్ రోడ్డు ఎక్కుడు కూడా ఉంది.

ఈ పరుగు చరిత్ర చిన్నదేమీ కాదు. 2004లో మొదలైంది. ఆ మొదటి ఏడు గెలిచిన దక్షిణాఫ్రికా రన్నర్ హెండ్రిక్ రమాలా, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ కూడా గెలిచాడు. 2007, 2008లో ఇక్కడ గెలిచిన కెన్యా రన్నర్ జాన్ కెలాయ్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం పట్టుకెళ్లాడు. 2020లో ఇథియోపియా కుర్రాడు దెరారా హురీసా అరువు తెచ్చుకున్న బూట్లతో పరుగెత్తి 2:08:09తో కొత్త రికార్డు పెట్టాడు. 2023లో దాన్ని హేలే లెమీ 2:07:32కు దించాడు. బోస్టన్‌లో 2016లో గెలిచిన మనిషి అతను.

మన రన్నర్ల విషయానికొస్తే, 2016 పరుగు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. ఆ ఏడు తోణక్కల్ గోపి అనే కేరళ యువకుడు పేసర్‌గా దిగాడు. అంటే తను గెలవడానికి కాదు, పక్కవాళ్లకు వేగం పట్టి ఇవ్వడానికి. అలాంటి మనిషి మధ్యలో తప్పుకోకుండా చివరిదాకా పరుగెత్తి, నితేంద్ర సింగ్ రావత్ వెనకాలే భారతీయుల్లో రెండోవాడిగా వచ్చాడు. రావత్ టైము 2:15:48, గోపిది 2:16:15. మూడోవాడు ఖేతా రామ్. ముగ్గురికీ రియో ఒలింపిక్స్ అర్హత దక్కింది. రియోలో గోపి 25వ స్థానంలో, ఒక్క సెకను తేడాతో ఖేతా రామ్ 26వ స్థానంలో నిలిచారు. ఆ మరుసటి ఏడు గోపి ఆసియా మారథాన్ ఛాంపియన్ అయ్యాడు. ఇంత కథ మా వర్లీ రోడ్డు మీదుగా నడిచిందంటే నాకు గర్వంగా ఉంటుంది. పత్రికలో ఇది చదివినవారు ఎందరు?

ఆడవాళ్లలో రాయ్‌బరేలీ సుధా సింగ్ 2019లో ఇక్కడే 2:34:56తో ముగించింది. ఆమె 2010 ఆసియా క్రీడల్లో స్టీపుల్‌చేజ్, అంటే అడ్డంకులు దాటుతూ సాగే పరుగులో స్వర్ణ పతక విజేత.

మన పురుషులకు, ముందు వరసలో వచ్చే ఆఫ్రికా రన్నర్లకు మధ్య ఇంకా దాదాపు పది నిమిషాల దూరం ఉంది. కాదనను. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ పెట్టిన 2:12:00 జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. ఎందుకలా జరిగిందన్నది కూడా క్రీడా పేజీలో చర్చించవలసిన విషయమే. క్రికెట్‌లో ఒక పర్యటనకు ఇచ్చే జాగాలో పదోవంతు చాలు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ముంబైలో జనవరిలో, హైదరాబాద్‌లో ఆగస్టులో మారథాన్ జరిగిన మర్నాడు మొదటి ముగ్గురు భారతీయ పురుషులు, మొదటి ముగ్గురు మహిళల పేర్లు, ఊర్లు, టైములు ఒక చిన్న పట్టికగా వేయండి. జెండా ఊపినవారి ఫొటో వేసే చోట ఒక్కసారి రిబ్బను తాకిన మనిషి ఫొటో వేయండి. శ్రీను ఊరికి మీ విలేకరిని పంపి, ఆ కుర్రాడు ఏ దారిలో పరుగు మొదలుపెట్టాడో రాయించండి. ఉత్తరాంధ్రలోనో పాలమూరులోనో తెల్లవారుజామున చెరువు గట్టు మీద పరుగెత్తే పిల్లలకు ఆ పేరు తెలియాలి.

ముంబై ఫలితాలు అందడం ఆలస్యమవుతుందంటే, ఆ ఆదివారం మధ్యాహ్నానికల్లా నేనే రాసి పంపుతాను.

– మీ పాఠకుడు, వర్లీ, ముంబై