కర్టెన్ టెండర్‌లో గుడ్డ కొలత రాయించండి: చేనేత మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ కార్యాలయాల్లో పోచంపల్లి ఇక్కత్, వరంగల్ దర్రీలు వాడాలని మేమూ గట్టిగా కోరుకుంటున్నాం. ఇంటీరియర్ డిజైనర్లుగా, కర్టెన్ టైలర్లుగా మాదొక విన్నపం. టెండర్‌లో కర్టెన్ పనిని కిటికీ చదరపు అడుగుల్లో లెక్కకట్టకుండా, గుడ్డ మీటర్లలో రాయించండి.

ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న కిటికీ తీసుకోండి. చదరపు అడుగుల్లో అది 42. కుచ్చు నిలవాలంటే వెడల్పుకు రెట్టింపు గుడ్డ, అంటే 144 అంగుళాలు కావాలి. 48 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే మూడు ముక్కలు. ఎత్తు 84 అంగుళాలకు కింద మడతకు 8, పైన 4 కలపాలి. నూలు గుడ్డ ఉతికితే 5 శాతం దాకా కుంచించుకుపోవచ్చు, దానికి మరో 5. మొత్తం 101. డిజైన్ 12 అంగుళాలకోసారి తిరిగి వస్తుంటే, అతుకుల దగ్గర పువ్వు కలవడానికి ఒక్కో ముక్క 12కు గుణిజమైన 108 అంగుళాలకు కోయాలి. మూడు ముక్కలకు 9 గజాలు, సుమారు 8.25 మీటర్లు. అంటే 108 చదరపు అడుగుల గుడ్డ, కిటికీ కొలతకు రెండున్నర రెట్లు పైనే!

కిటికీ కొలతకు రేటు కడితే ముందు ఎగిరిపోయేది కుచ్చు, తర్వాత లైనింగ్. లైనింగ్ లేని ఇక్కత్ ఎండకు వెలిసిపోతుంది. నింద మాత్రం నేసినవాళ్ల మీద పడుతుంది. మా బాధంతా అదే.

మీటింగ్ హాళ్లలో మాట మార్మోగకుండా గోడలకు గుడ్డ ప్యానెళ్లు పెట్టొచ్చు. చెక్క ఫ్రేములో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చుకునే రాతి ఉన్ని), దాని మీద నూలు గుడ్డ, ప్యానెల్‌కు గోడకు మధ్య మరో 50 మిల్లీమీటర్ల ఖాళీ. గుడ్డ వెనక నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి రావాలి. వెనకంతా గమ్ పూస్తే రంధ్రాలు మూసుకుపోయి శబ్దం తిరిగి హాల్లోకే వస్తుంది. అందుకే అంచుల దగ్గరే స్టేపుల్ చేయాలి, నాలుగు వైపులా మధ్య నుంచి మూలలకు. ఒకవైపే లాగితే పడుగు (నిలువు దారాలు) పక్కకు జరిగి ఇక్కత్ డిజైన్ వంకరపోతుంది.

నూలు త్వరగా అంటుకుంటుంది కాబట్టి ఫైర్ ట్రీట్‌మెంట్ (మంట తేలిగ్గా అంటకుండా గుడ్డకు రసాయనం పట్టించడం) తప్పనిసరి. ఉప్పు రసాయనాలతో చేసినది ఒక్క ఉతుకుకే పోతుంది. ఉతికిన ప్రతిసారీ మళ్లీ చేయించే ఖర్చు మెయింటెనెన్స్ పద్దులోనే చూపాలి.

పెద్ద ఆర్డర్ ఇచ్చే ముందు ఒక కిటికీకి, ఒక ప్యానెల్‌కు నమూనా కుట్టించి, ఉతికించి, కొలిపించండి. మిగతా గుడ్డ ఆ తర్వాతే నేయించండి.

ఇట్లు,
ఇంటీరియర్ డిజైనర్లు, కర్టెన్ టైలర్లు