గంజాయి మీద చర్చలో ఆ బ్యాగు మోసిన కుర్రాణ్ణీ లెక్కలోకి తీసుకోండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అని మీ పేజీలో కొన్నాళ్లుగా ఉత్తరాలు వస్తున్నాయి. మందు కంటే గంజాయే నయమని ఒకరు, భంగు తాగే దేశంలో నిషేధమేమిటని ఇంకొకరు, మోసేవాణ్ణి కూడా వదలొద్దని మరొకరు రాశారు. నేను విశాఖ మన్యం వైపు చింతపల్లి - నర్సీపట్నం రూట్లో చాలా ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఈ సరుకు కొండ దిగడం చూశాను, మా ఇంట్లోకి రావడమూ చూశాను. దుకాణాలు తెరవొద్దనే నేనూ అంటాను. కానీ ఇప్పుడు జైళ్లు నింపుతున్న తీరు కూడా తప్పే.

2019 డిసెంబరులో ఒకరోజు మొదటి సర్వీసు. చింతపల్లి దాటాక ఒక కుర్రాడు చెయ్యెత్తి ఎక్కాడు. పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. ఆ చలిలో స్వెట్టరు లేదు, కాళ్లకి హవాయి చెప్పులు, చేతిలో మాత్రం కొత్త ట్రావెల్ బ్యాగు. సీటు కింద పెట్టుకోరా అంటే వినకుండా ఒళ్లోనే పెట్టుకున్నాడు. బరువు చూసి లగేజీ టికెట్ కొట్టానే గానీ అందులో ఏముందని అడగలేదు. లంబసింగి మంచులో దారి కనబడక బస్సు నెమ్మదిగా పోతుంటే వాడు నిద్రపోయాడు, బ్యాగు మీదే తల పెట్టుకుని.

ఘాట్ దిగాక చెక్‌పోస్టులో ఆపారు. జిప్పు తీయగానే బస్సంతా ఘాటు వాసన. బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, కాటా మీద 22 కిలోలు తూగాయి. "నర్సీపట్నంలో ఒకాయనకి ఇమ్మన్నారు సార్, ఐదువేలిస్తామన్నారు" అన్నాడు. ఆ ఒకాయన కేసులోకి ఎప్పటికీ రాలేదు.

మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి 20 కిలోలు గీత. అది దాటితే తక్కువలో తక్కువ పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకడం మహా కష్టం. పెట్టుబడి పెట్టినవాడికీ, కూలికి మోసినవాడికీ అదే కాటా. నన్ను సాక్ష్యానికి విశాఖ కోర్టుకి పిలిచేసరికి వాడు లోపలికి వెళ్లి రెండేళ్లు దాటింది. వరండాలో నా ఖాకీ చొక్కా చూసి వాళ్లమ్మ దగ్గరికొచ్చింది. కొడుకు గురించి అడుగుతుందనుకున్నాను. "బాబూ, చింతపల్లికి ఆఖరి బస్సు ఎన్నింటికి?" అంది.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. గంజాయి తోటలు కూడా నరికారు. మంచిపనే. కానీ దాని బదులు కాఫీ మొక్క పెడితే కాపుకి మూడు నాలుగేళ్లు ఆగాలి. అప్పటిదాకా ఆ ఇల్లు ఎలా గడుస్తుందో చూసేవాళ్లు ఉంటేనే బ్యాగు మోయడానికి కుర్రాళ్లు దొరకరు.

అయితే అమ్మకాలు తెరిచేస్తే ఈ బాధలన్నీ పోతాయి కదా అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మా చెల్లెలి కొడుకుని చూడకపోతే నేనూ ఒప్పుకునేవాణ్ణేమో. ఇంటర్ రెండో సంవత్సరంలో హాస్టల్లో మొదలెట్టాడు, సిగరెట్లో పొగాకు దులిపేసి అది కూరుకుని. ఇంజనీరింగ్‌లో చేరాక ఒకరోజు నాకు ఫోన్ చేసి, "మావయ్యా, ఎదురు మేడవాళ్లు నా మాటలన్నీ వింటున్నారు" అన్నాడు. వెళ్లి చూస్తే కిటికీ సందుల్లోనే కాదు, స్విచ్‌బోర్డు కన్నాల్లో కూడా పేపరు ముక్కలు కుక్కి ఉన్నాయి. మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. తాగిన ప్రతివాడికీ ఇలా కాదనీ, కానీ చిన్న వయసులో మొదలెట్టి రోజూ తాగేవాళ్లకి, అందులోనూ సరుకు ఘాటైనదైతే, మతి చెడే ప్రమాదం బాగా పెరుగుతుందనీ డాక్టరు చెప్పారు. చదువు ఆగిపోయింది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాడు.

2024 ఏప్రిల్‌లో చట్టం సడలించిన జర్మనీ కూడా పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి కుదరదంది. ఇరవై ఒకటి నిండనివాళ్లకి క్లబ్బుల్లో ఘాటు తక్కువది, అదీ తక్కువ మోతాదులోనే ఇస్తారు. థాయిలాండ్ 2022లో తలుపులు తెరిచి, మూడేళ్లకే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తగ్గింది. మన దగ్గర మందు తాగడానికి ఇరవై ఒక్కేళ్లు నిండాలని రూలుంది. మా ఊరి బెల్టుషాపులో పదో తరగతి పిల్లాడికి సీసా ఇవ్వడం నా కళ్లతో చూశాను. గంజాయి దుకాణంలో మాత్రం వయసు అడుగుతారని నన్నెలా నమ్మమంటారు? మూర్ఛకీ మరో జబ్బుకీ ఇందులోంచి మందు తీస్తున్నారంటే తియ్యనివ్వండి. అది డాక్టర్లు చూసుకునే సంగతి.

నేను కోరేది ఇది. కూలికి మోసిన కుర్రాళ్ల కేసులు వేరుగా తీసి త్వరగా తేల్చాలి. పంపినవాణ్ణి, అందుకునేవాణ్ణి పట్టుకోవాలి. కొద్ది మోతాదుతో దొరికిన అలవాటుపడ్డవాడు తనంతట తాను చికిత్సకి వస్తే విచారణ లేకుండా వదిలే సెక్షన్ 64ఏ ఆ చట్టంలోనే ఉంది. అది మా చెల్లెలికి ముందే తెలిసుంటే కేసవుతుందన్న భయంతో ఏడాదిపాటు కొడుకుని ఇంట్లో దాచేది కాదు. ఆ సెక్షన్ గురించి ప్రతి కాలేజీ నోటీసుబోర్డులో తెలుగులో రాసి పెట్టించాలి. మత్తు మాన్పించే ఉచిత ఫోన్ నంబరు 14446. ఈ ఉత్తరం కుదించాల్సి వస్తే నా మాటలు తగ్గించండి గానీ ఆ నంబరు ఉంచండి.

మేనల్లుడి కోసం నా పేరు వేయవద్దని మనవి.

- విశ్రాంత బస్సు కండక్టరు, నర్సీపట్నం