1-0-1 అంటే ఏంటో మా పెద్దమ్మకు ఎవరు చెప్పాలి?

మహబూబ్‌నగర్ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి,

నమస్కారం సార్.

మా గల్లీ పెద్దమ్మకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. వయసులో బొంబాయి వలసపోయి తట్టలు మోసింది, చదువుకోలేదు. పోయిన నెల గోళీల కవరు నా చేతిలో పెట్టి, "ఏది ఎప్పుడు ఏసుకోవాలె బిడ్డా?" అంది. కవరు మీద పెన్నుతో 1-0-1 అని ఉంది, అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. కత్తిరించిన స్ట్రిప్ మీద మందు పేరు సగమే మిగిలింది. తల తిరగడం తగ్గిందని బీపీ గోళీ అప్పటికే పది రోజులుగా మానేసింది. బీపీ పెరిగినా చాలాసార్లు పైకి తెలియదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పక్షవాతం వచ్చాక తెలిస్తే ఏం లాభం సార్?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఆడవాళ్లలో 45 శాతం కూడా లేదు.

చదువుకున్నవాళ్లు డాక్టర్‌ను నిలబెట్టి అడుగుతారు. పెద్దమ్మ లాంటివాళ్లు అడగడానికే జంకుతారు, పైగా లైన్లో వెనకవాళ్ల తొందర.

కవర్ల మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, తిన్నాక అంటే పళ్లెం బొమ్మ వేయించండి. గోళీలు ఇచ్చేవాళ్లను మన మాటలో చెప్పి, తిరిగి రోగులతో చెప్పించమనండి. ముందు ఒక్క దవాఖానలో మొదలుపెట్టినా చాలు. బొమ్మలు గీసే పని నేను చేస్తాను.

ఇట్లు,
మహబూబ్‌నగర్ పట్టణవాసి