ఈశాన్యపు వాలులో చిట్టచివరి చెట్టు

ప్రియమైన సుబ్బారావుకు,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. దక్షిణ దిక్కున భూమి మీద చిట్టచివరి చెట్టు ఎక్కడుందని పోయిన ఉత్తరంలో అడిగావు కదా, దాని ఆచూకీ దొరికింది. చిలీ దేశపు కొసన ఓర్నోస్ అనే చిన్న దీవిలో ఉంది. నావికులు హడలిపోయే కేప్ హార్న్ కొండకొమ్ము ఈ దీవిదే. దీపస్తంభం కావలికి చిలీ నౌకాదళం పంపే ఒక్క కుటుంబం తప్ప అక్కడ ఎవరూ కాపురం ఉండరు.

అక్కడితో అడవి ఆగిపోవడానికి చలికాలమే కారణమని నేను మొదట అనుకున్నాను, అది పొరపాటు. ఈ దీవి భూమధ్యరేఖకు దక్షిణంగా 56 డిగ్రీల దగ్గర ఉంది, అంటే ఉత్తరాన మాస్కో ఉన్నంత దూరమే. అయితే నాలుగు దిక్కులా సముద్రమే కావడంతో చలికాలపు సగటు ఉష్ణోగ్రత సున్నాకు పైనే నిలుస్తుంది, నడివేసవి అయిన జనవరిలో మాత్రం పది డిగ్రీలకు కూడా చేరదు. సైబీరియాలో 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా లార్చ్ చెట్లు బతుకుతున్నాయంటే, ఎంతటి శీతకాలం గడిపినా వాటికి కాస్త వెచ్చని వేసవి దక్కుతుంది కనుకనే. ఓర్నోస్ చెట్లకు ఆ భాగ్యం లేదు సరికదా, పైగా గాలి. ఆ అక్షాంశాల్లో పడమటి గాలులు అడ్డుకునే నేల లేక భూగోళం చుట్టూ తిరిగి వచ్చి, దీవికీ అంటార్కిటికాకూ మధ్యనున్న సుమారు 800 కిలోమీటర్ల సందులో దూరి మరింత చెలరేగుతాయి.

అందుకే మాజెలాన్ బీచ్ అనే సతతహరిత వృక్షం గాలి సోకని పల్లాల్లో అడవిగా అల్లుకుంటుంది, గాలి సోకే చోట నేలమీద పాకుతుంది. 2019లో బ్రయన్ బ్యూమా అనే శాస్త్రజ్ఞుడి బృందం గుర్తించిన ఆ చిట్టచివరి చెట్టు వయసు నలభై ఏళ్ల పైమాటే గాని, ఎత్తు మన మోకాలికి అటూఇటూగా అర మీటరు. అది ఈశాన్యానికి వాలిన కొండపక్కన ఉంది. మన వాస్తు సిద్ధాంతులు వింటే మురిసిపోతారు గాని, కారణం వేరు: పడమటి గాలిని కొండ అడ్డుకుంటుంది, అక్కడ సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో నడుస్తాడు కనుక ఎండా తగులుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది చెట్టు కన్నా దాని కింది నేల. తరచూ కురిసే వానకు నానిన ఆ మెత్తని మట్టిలో మాజెలాన్ పెంగ్విన్‌లు బొరియలు తవ్వుకుని గుడ్లు పెడతాయి. ఆ ప్రాంతంలో రాళ్లనూ కొమ్మలనూ కప్పే నాచులూ, శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్లూ ఎన్ని రకాలంటే, శాస్త్రజ్ఞులు వాటిని బుల్లి అడవులని పిలుస్తూ, ఉత్తరాన ఉన్న నవరీనో దీవిలో సందర్శకుల చేతికి భూతద్దం ఇచ్చి మరీ చూపిస్తారు.

వేసవి నెలల్లో యాత్రికుల ఓడలు ఓర్నోస్‌కు వెళతాయి గాని, గాలి తగ్గకపోతే దీవిలో దించకుండానే వెనుదిరుగుతాయట. నీ తరగతి పిల్లలకు చూపించడానికి పటం కావాలంటే రాయి, గీసి పంపుతాను.

ఇట్లు,
నీ రాఘవ