తల దిండ్లు మా సెంటర్లో అమ్మం

పర్లాకిమిడిలో మా ఫిజియోథెరపీ సెంటర్‌కి పసిపిల్లల్ని తీసుకొస్తున్న అమ్మలకీ, వాళ్ల వెంట వచ్చే అమ్మమ్మలకీ నానమ్మలకీ నమస్కారం. పిల్లలకి వ్యాయామం చేయించడానికి తెప్పిస్తానని చెప్పిన కొత్త మ్యాట్లు రావడం లేదు. దాని గురించి బయట రకరకాలుగా అనుకుంటున్నారు కాబట్టి జరిగింది నేనే రాస్తున్నాను.

అడ్వాన్సు తీసుకున్న సరుకాయన వాయిదాలు వేసీ వేసీ, చివరికి ఒక మెలిక పెట్టాడు. మధ్యలో గుంట ఉండే తల దిండ్లు కూడా తీసుకుని అమ్మితేనే మ్యాట్లు పంపుతాడట. అట్టపెట్టె మీద 'మెడ వంకర పోతుంది' అని ముద్రించి ఉంది. వాటి మీద మిగిలే డబ్బు తక్కువేం కాదు. అద్దె, జీతాలు గుర్తొచ్చి చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. అయినా వద్దన్నాను. "అందరూ అమ్ముతున్నారు మేడమ్, మీకు వ్యాపారం తెలీదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. పసిబిడ్డ మెడ గురించి నాకు తెలుసు, నాకది చాలు.

చెవి వెనక నుంచి కాలర్ ఎముక దాకా దిగే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ కండరం ఒకవైపు బిగుసుకుంటే తల అటు ఒరుగుతుంది, గడ్డం రెండో వైపు తిరుగుతుంది. మనం మెడ వంకర అనేది దీన్నే. ఆ కండరం సాగాలి, అవతలి వైపుది బలపడాలి. దిండు ఈ రెండూ చెయ్యదు. పైగా నిద్రలో ముఖం మెత్తటి దాంట్లో కూరుకుంటే ఊపిరాడదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి దిండ్లు వాడొద్దని 2022లోనే హెచ్చరించింది. పెద్దవాళ్లు నొచ్చుకోవద్దు, పక్కలో ఆవాల దిండు కూడా వద్దు.

బిడ్డను దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ల ముందే బోర్లా వెయ్యండి. గడ్డం తిప్పడానికి ఇష్టపడని వైపు నుంచి పిలవండి, గిలక్కాయ ఆడించండి. లాల పోసేటప్పుడు మెడ లాగొద్దు. సాగదీసే పద్ధతి మా దగ్గర చూసి, మీ చేతులతో చేసి చూపించాకే ఇంట్లో మొదలుపెట్టండి. కండరంలో చిన్న గడ్డ తగిలినా, మెడ ఉన్నట్టుండి వంకరపోయినా, జ్వరం ఉన్నా ముందు పిల్లల డాక్టరుకి చూపించండి. నెలలు గడిచేదాకా 'అదే సర్దుకుంటుందిలే' అని ఊరుకోవద్దు. మూడు నెలల వయసులోపే వ్యాయామాలు మొదలుపెట్టిన పిల్లలు సాధారణంగా త్వరగా కోలుకుంటారు.

సెషన్లు ఆగవు, ఫీజు మారదు. మ్యాట్లు వచ్చేదాకా నేల మీద గట్టిగా మడిచిన బొంత వేసి చేయిస్తాం. దాని మీద శుభ్రమైన దుప్పటి ప్రతి బిడ్డకీ మారుస్తాం. పాతపట్నం, కాశీనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లని ఎప్పటిలాగే ఉదయం పూటే చూస్తాను. మ్యాట్లు వేరేచోట వెతుకుతున్నాను. ఖరీదు ఎక్కువైనా భరిస్తాను కానీ, దిండ్లతో కలిపి మాత్రం తీసుకోను. ఆ దిండు ఇప్పటికే ఎక్కడైనా కొన్నవాళ్లు బిడ్డ పక్కలోంచి ఈరోజే తీసేయండి.