మొసలి బతికే ఉంది, రాయి వేయకండి

సంపాదకులకు నమస్కారం.

మాది నర్సంపేట దగ్గర, పాకాల అడవి అంచున ఉన్న పల్లె. గత ఆదివారం రెండో తరగతి చదువుతున్న మా మనవరాలిని హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూపార్కుకు తీసుకుపోయాను. మా వయసు వాళ్లం దాన్ని ఇప్పటికీ వన విజ్ఞాన కేంద్రమనే అంటాం. బడిలో చెప్పినప్పటి నుంచి మొసలిని చూపించమని పిల్ల ఒకటే పోరు.

ముందు దుప్పుల దగ్గర ఆగినం. పుస్తకంలో డీర్ అని చదివింది. "వీటిని దుప్పులంటరు బిడ్డా, మా నాయన చిన్నప్పుడు ఇవి మన చేన్ల దాకా వచ్చేవట" అని చెప్పాను. చెట్టు కింద పడుకున్న దుప్పిని చాలాసేపు చూసి "తాతా, మన బర్రె లెక్కనే నెమరేస్తున్నది" అన్నది. ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నందుకు నాకు ఎంత సంతోషమైందో! జూకు తీసుకుపోయేది ఇందుకే కదా అనిపించింది.

అంతలోనే పక్కన ఒకాయన తన కొడుకును భుజాల మీద ఎక్కించుకుని, చిప్స్ ప్యాకెట్ చించి కంచె లోపలికి విసిరించాడు. దుప్పి పిల్ల ఒకటి వచ్చి ఉప్పు వాసనకు కవరునే నోట్లో పెట్టుకుంది. సిబ్బందిలో ఒకామె పరుగెత్తుకొచ్చి లాక్కునే దాకా నా ప్రాణం నా దగ్గర లేదు. ఆయన మాత్రం "పిల్లగాడు ముచ్చటపడ్డడు" అన్నాడు.

ఆ కవరు ఏం చేస్తుందో నాకు తెలుసు. కొన్నేళ్ల కింద మా ఆవు మేత మానేసింది. డొక్క ఉబ్బింది, నెమరు ఆగిపోయింది. పశువుల డాక్టరు కడుపు కోసి తీస్తే గంపెడు కవర్లు, దారాలు ముద్దగా బయటికి వచ్చినయి. ఆవు దక్కలేదు. నెమరువేసే జంతువుల్లో చాలావాటికి కడుపులో నాలుగు గదులు ఉంటాయి. మొదటి గదిలో చేరిన కవరు అరగదు, ముందుకు పోదు. గడ్డికి చోటు లేక, కడుపు నిండుగా కనబడుతూనే పశువు ఆకలితో చస్తుంది. ఆవుకైనా దుప్పికైనా అదే కడుపు. ఆవు మేత మానేస్తే ఇంట్లో వాళ్లకు ఆ పూటే తెలుస్తుంది. మందలో ఉన్న దుప్పి సంగతి ఎప్పుడు తెలియాలి?

మొసలి దగ్గర ఇంకో తీరు. అది గట్టు మీద నోరు తెరుచుకుని కదలకుండా ఉంది. ఇద్దరు ముగ్గురు యువకులు బొమ్మనా, నిజందా అని పందెం వేసుకుని రాళ్లు విసిరారు. మొసలికి మనలాగా చెమట పట్టదు. ఎండకు ఒళ్లు వేడెక్కినప్పుడు నోరు తెరిచి ఆ వేడిని బయటికి పంపుకుంటుంది. ఆ మాట చెబితే రాయి కింద పడేశారు, అందులో ఒకడు ఫోన్ కూడా జేబులో పెట్టుకుని నిజంగా చూశాడు. చెప్పేవాళ్లు ఉంటే వింటారు. చిరుతపులి దగ్గర మాత్రం నా మాట ఎవరికీ వినిపించలేదు. రాత్రిళ్లు తిరిగి పగలు పడుకునే జంతువు అది. దాన్ని లేపడానికి పెద్దవాళ్లే ఈలలు, కేకలు. మా పిల్ల చెవులు మూసుకుని "పండుకున్నది గదా తాతా, ఎందుకు లేపుతున్నరు?" అని అడిగింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38-జె సెక్షన్ ఉంది. జూలో జంతువులను ఏడిపించడం, వాటికి తిండి పెట్టడం, చప్పుడుతో ఇబ్బంది పెట్టడం, చెత్త వేయడం అన్నీ నేరమే. కానీ ఆదివారం వచ్చే జనం మధ్య ఎంతమందికని జరిమానా రాస్తారు? అందుకే నేను బడుల వాళ్లను, తల్లిదండ్రులను అడుగుతున్నాను. జూకు బస్సు మాట్లాడే ముందు రోజు ఒక్క పీరియడ్ పిల్లలకు ఈ సంగతులు చెప్పండి. దుప్పి ఎట్లా నెమరువేస్తుంది, చిరుత పగలు ఎందుకు పడుకుంటుంది, గుడ్డెలుగు అంత పొడుగు గోళ్లతో పుట్టలు తవ్వి చెదలు ఎట్లా తింటుంది. ఇవి తెలిసిన పిల్లకు జంతువు కదలకపోయినా చూడటానికి బోలెడు ఉంటుంది. జింకను మన రాష్ట్ర జంతువుగా 2014లోనే పెట్టుకున్నాం. పరీక్షకు ఆ జవాబు రాయిస్తున్నాం, దాని కడుపు గురించి కూడా చెబుదాం.

హన్మకొండ, వరంగల్ డిగ్రీ కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఉన్నారు. సెలవు రోజుల్లో ఒక్కో కంచె దగ్గర ఇద్దరు చొప్పున నిలబడి నాలుగు మాటలు చెప్పినా చాలా తేడా వస్తుంది. అటవీ అధికారులు, కాలేజీల పెద్దలు కూర్చుని సంక్రాంతి సెలవులకైనా ఇది మొదలుపెట్టాలని చేతులు జోడించి కోరుతున్నాను. తినుబండారాలు తెచ్చుకునేవాళ్లు స్టీలు డబ్బాలో తెచ్చుకోండి, కంచెలకు దూరంగా కూర్చుని తినండి, ఖాళీ డబ్బా ఇంటికి తీసుకుపోండి.

ఇంటికొచ్చాక మా మనవరాలు నోరు తెరిచిన మొసలి బొమ్మ గీసి, కింద పెద్ద అక్షరాలతో "ఇది బతికే ఉంది, రాయి వేయకండి" అని రాసింది. ఆ కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వీలుంటే అచ్చు వేయండి.

ఇట్లు
ఒక రైతు, నర్సంపేట ప్రాంతం